గోడ మీద దీర్ఘం

జులై 1

ఈ డైరీ రంగుల కంపెనీవాడు జనవరిలో ఊరికే ఇచ్చాడు. ఆర్నెల్లుగా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి పెట్టుకున్నాను. ఇవాళ్టి నుంచి ఇందులో రాస్తాను. ఎవరికీ చూపించను. అసలు రాయవలసింది వేరే ఉంది. అది రావడం లేదు కాబట్టి ఇది.

నా స్నేహితురాలు మైకు వాళ్ళ తమ్ముడు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. "అక్క రాజకీయాల్లోకొచ్చి ముప్పై ఏళ్లయింది కదండీ. అభినందన సంచిక వేస్తున్నాం. అందరూ రాస్తున్నారు, మీరు రాయకపోతే ఎలా? చిన్నప్పట్నుంచీ పక్కనున్నది మీరొక్కరే" అన్నాడు. నాలుగు పేజీలట. ఇరవై ఎనిమిదో తేదీకి ప్రెస్సుకి వెళ్ళాలట. లేచి చెప్పులు వేసుకుంటూ, "ముఖ్యంగా ఆ గోడ సంగతండీ. అది మీరు చెబితేనే బాగుంటుంది" అన్నాడు.

సరే అన్నాను. అనక ఏం చేస్తాను.

సాయంత్రం కూర్చుని మొదలుపెట్టాను. "ఊరంతా ఆమెను మేడమ్ అంటుంది. మన మునిసిపాలిటీకి మూడుసార్లు అధ్యక్షురాలు. నాకు మాత్రం ఆరో తరగతి నుంచి ఆమె మైకే. బడి ఆవరణలో ఆ చివర నుంచి పిలిస్తే ఈ చివర వినపడుతుందని డ్రిల్లు మాస్టారు పెట్టిన పేరు అది. నన్ను ఆమె కుంచె అంటుంది. నేను బోర్డులు రాస్తాను, మా నాన్న కూడా అవే రాసేవాడు." ఇక్కడిదాకా గడగడా వచ్చింది. తరవాత "ఆ గోడ" అని రాసి ఆగిపోయాను. కాగితం ఉండచుట్టి మూలకి విసిరేశాను.

జులై 2

రాలేదు.

జులై 4

మైకు ఇంటికి వెళ్ళాను. మే నెలలో మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ కూలబడింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. కాలు కాస్త తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తోంది. చెయ్యి కొంచెం కదులుతోంది. మాటే ఇంకా రాలేదు. మనం చెప్పేవన్నీ దానికి అర్థమవుతున్నాయి, కళ్ళు చూస్తే తెలుస్తుంది. నోరు తెరిస్తే మాత్రం గాలి తప్ప ఏమీ రాదు. ఎంతమంది నోళ్ళు మూయించిన నోరది!

మాటలు నేర్పడానికి ఒక టీచరమ్మ వస్తోంది. ముప్పై కూడా ఉండవు. మైకుని చూసి అయ్యో పాపం అన్నవాళ్ళని గదిలోంచి పంపించేస్తుందట. నన్ను చూడగానే, "బోర్డులు రాసేది మీరేనా? ఏడవనంటే కూర్చోండి, మీతో పనుంది" అంది.

ఏడవలేదు. కూర్చున్నాను.

"ఒక్కో అక్షరం ఒక్కో అట్ట మీద పెద్దగా రాసివ్వాలి. ఎడం చేత్తో వరసగా పేర్చి పలుకుతారు. కొత్త మాటలు వద్దు. బాగా నోట్లో నానిన మాటలే ముందు తిరిగొస్తాయి. ఆవిడ ఎలక్షన్ నినాదం ఒకటుంది కదా, పిల్లలు కూడా అంటుంటారు, అది రాయండి" అంది.

"ఇంకేదైనా రాస్తాను. ఇంటివాళ్ళ పేర్లు రాయనా?" అన్నాను.

"అదే రాయండి" అంది టీచరమ్మ. మైకు నావైపే చూస్తోంది.

జులై 5

సంచికకి చిన్నప్పటి సంగతులు రాద్దామని.

నాన్న గోడ మీద అక్షరం గీసేముందు దారం పట్టించేవాడు. దానికి నీలం పొడి రాసి ఉండేది. ఒక చివర నేను, ఇంకో చివర మైకు. నాన్న మధ్యలో లాగి వదిలితే గోడ మీద టప్పున గీత పడేది. ఆ గీత మీద మోచెయ్యి ఆనించి, వేలి కొస దాకా కొలిచి గుర్తులు పెట్టేవాడు. మామూలు అక్షరానికి మూర, దీర్ఘానికి మూరన్నర. ముందు చోటు, తరవాత అక్షరం అనేవాడు. చోటు కొలవకుండా రాసుకుంటూ పోతే గోడ చివర అక్షరాలు ఇరుక్కుని ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

ఎక్కాలు రాని మైకుకి ఈ కొలతలు మాత్రం ఒంటబట్టాయి. బడి నుంచి వస్తూ ప్రతి బోర్డు ముందూ ఆగేది. "ఒసేయ్ కుంచె, ఈ దీర్ఘానికి మూరే ఇచ్చాడే, పాపం దానికి ఊపిరాడటం లేదు చూడు" అనేది. షాపువాడు బయటికొచ్చి చూసేవాడు. నేను సిగ్గుతో చచ్చేదాన్ని.

బాగుంది. దీన్ని ఉంచుతాను.

జులై 6

గోడ. సంచిక కోసం.

ఇరవై ఐదేళ్ల కిందటి మాట. మైకు మొదటిసారి గెలిచి, అయిదేళ్లు అధ్యక్షురాలిగా చేసి, రెండోసారి నిలబడింది. "నేను మాట తప్పను" అన్నది నినాదం. ఊళ్ళో నలభై గోడల మీద నేనే రాశాను. ముప్పై తొమ్మిది గోడల మీద సరిగ్గానే వచ్చింది. బస్‌స్టాండు ఎదురుగా గోడౌను గోడ మీద మాత్రం ఒక దీర్ఘం ఎక్కువ పడింది. "నేను మాట తప్పాను."

తెల్లారేసరికి జనం గుమిగూడి పడీపడీ నవ్వుతున్నారు. మైకు మనుషులు సున్నం బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. వెనకాలే మైకు వచ్చింది. చదివింది. బకెట్లు కింద పెట్టించింది. టీకొట్టులోంచి స్టూలు తెప్పించుకుని పైకెక్కింది.

"రాసింది నిజమే! కుంచె వాళ్ళ సందుకి ఏడాదిలో కుళాయి వేయిస్తానన్నాను. అయిదేళ్లయింది. వేయించలేదు. మాట తప్పాను. ఆ కుళాయి వచ్చేదాకా ఈ గోడ మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు" అంది. బస్సెక్కబోతున్నవాళ్ళు కూడా ఆగి విన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

ఎన్నికల ముందు స్టూలెక్కి ఆ మాట ఎవరంటారు? మైకు అంది. దాని స్వభావం అది.

దీర్ఘం ఎలా పడిందంటే, నిచ్చెన కదిలింది, నా చెయ్యి జారింది. అంతే.

జులై 7

మా ఆయన చదివాడు. మోటార్లకు తీగ చుట్టే మనిషి, ఒక్క చుట్టు తేడా వచ్చినా పట్టేస్తాడు.

"ఈసారి నిచ్చెనా? పోయినసారి కాకి కదా, వచ్చి నెత్తి మీద తన్నింది?"

"కాకి కూడా వచ్చింది."

"లైబ్రరీలో సన్మానం రోజున కంట్లో చెమట పడిందన్నావు."

"అన్నీ జరిగాయి" అన్నాను.

"అబ్బో, ఒక్క దీర్ఘానికి ఎన్ని కష్టాలొచ్చాయి!" అని కాగితాలు నా చేతిలో పెట్టి షాపుకి వెళ్ళిపోయాడు.

జులై 9

ఏడు అట్టలు రాసి పట్టుకెళ్ళాను. నే, ను, మా, ట, త, ప్ప, ను. నల్ల రంగు, రెండు పూతలు. మైకు చూసి సగం మూతితో నవ్వింది. పడిపోయాక ఇదే మొదటి నవ్వు.

ఎడం చేత్తో వరసగా పేర్చింది. ఒక్క అట్ట కూడా తారుమారు చెయ్యలేదు. టీచరమ్మ భళా అంది. అప్పుడు మైకు చివరి "ను"ని వేలితో కుడివైపుకి నెట్టింది. "ప్ప"కీ "ను"కీ మధ్య ఖాళీ. నేను "ను"ని మళ్ళీ దగ్గరికి జరిపాను. అది మళ్ళీ నెట్టింది. నేను మళ్ళీ జరిపాను. మూడుసార్లు.

చెయ్యి వణుకుతోంది పాపం.

నాలుగోసారి నెట్టి నావైపు చూసి, "మూ..." అంది. గాలి కాదు, అక్షరమే. టీచరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. కూతురు వంటింట్లోంచి చేతులు తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చింది. తమ్ముడు ఫోను పెట్టేసి వచ్చాడు. అందరం చుట్టూ చేరాం. "మూ... మూ..." అంటుంది, తరవాతది రాదు. చివరికి విసుగొచ్చి అట్టలన్నీ కింద పడేసింది.

జులై 10

"మూ" మీద పరిశోధన.

కూతురు: "మూత అంటోంది. మంచినీళ్ళ గ్లాసు మీద మూత లేకపోతే అమ్మకి చిరాకు." ఇంట్లో గ్లాసులన్నిటికీ మూతలు పడ్డాయి.

తమ్ముడు: "మూడు. మూడో వార్డు గురించే అయ్యుంటుంది. అక్కడ మనవాళ్ళు గోడ దూకుతున్నారని అక్క పసిగట్టేసింది." ఇద్దర్ని పరుగెత్తించాడు. మూడో వార్డులో ఎవరూ ఏ గోడా దూకలేదు.

మా ఆయన: "మూర్ఖురాలా అని నిన్నేమో."

జులై 13

తమ్ముడికి ఇప్పటిదాకా రాసింది చూపించాను. ఎర్ర పెన్ను తెచ్చుకున్నాడు.

మైకు ఎలాంటి మనిషో రాయమన్నారు కదా అని రాశాను. కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ అరగంటలో మర్చిపోయి మన పళ్ళెంలోంచే తీసుకుని తింటుంది. చదవని ఫైలు చదివానని చెప్పి, ఇంటికెళ్ళి తెల్లారేలోగా చదువుతుంది. ఎదురుగా ఒక్కరినీ మెచ్చుకోదు, వాళ్ళు వెళ్ళాక వాళ్ళ గురించి ఊరంతా చెబుతుంది. తీసుకెళ్ళిన గొడుగు తిరిగివ్వదు. నావి నాలుగున్నాయి దాని దగ్గర.

"ఇవన్నీ ఎందుకండీ" అని గొడుగులు కొట్టేశాడు. "ఆ ఎన్నికల్లో ఓడిపోయిన సంగతి కూడా వద్దు. 'తరవాత ఘనవిజయం సాధించారు' అని పెడదాం."

"ఆ విజయం అయిదేళ్ల తరవాత వచ్చింది కదయ్యా."

"తరవాతే కదండీ" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ, "మీరు కాకి వచ్చిందని చెప్పేవారు కదా, అది పెట్టండి. జనానికి నచ్చుతుంది" అన్నాడు.

జులై 14

అట్టలు. మళ్ళీ "ను"ని నెట్టింది. మళ్ళీ జరిపాను. ఈసారి నా చెయ్యి పట్టుకుంది. ఎడం చెయ్యి మాత్రం గట్టిగానే ఉంది. పని ఉందని లేచి వచ్చేశాను. పనేమీ లేదు.

జులై 16

కాకి లేదు. నిచ్చెన కదలలేదు. కంట్లో చెమట పడలేదు.

ఆ ఎన్నికలకి మూడు నెలల ముందు అమ్మ మా వీధి చివర బోరింగు దగ్గర బిందెతో నాచు మీద జారి పడింది. తుంటి విరిగింది. అంతకి అయిదేళ్ల ముందు మైకు మా వరండాలో కూర్చుని, అమ్మ రెండు చేతులూ పట్టుకుని, "పిన్నీ, ఏడాది తిరిగేసరికి నీ గుమ్మం ముందు కుళాయి ఉంటుంది. నువ్విక బిందె మొయ్యనక్కర్లేదు" అంది. అమ్మ ఆ మాట నమ్మి సందులో అందరికీ చెప్పుకుంది. తుంటి విరిగాక మైకు ఒక్కసారీ రాలేదు. ప్రచారంలో ఉందట. ఎవరి చేతో పళ్ళు పంపించింది.

అమ్మ మంచంలో మూలుగుతుంటే నేను వెళ్ళి గోడల మీద "నేను మాట తప్పను" అని రాయాలి. ఒప్పుకున్న పని. ముప్పై తొమ్మిది గోడలు పళ్ళు బిగించి రాశాను. నలభయ్యో గోడకి కడుపు మండిపోయింది.

సాయంత్రం గీతలు వేశాను. మోచెయ్యి ఆనించి కొలుచుకుంటూ వచ్చాను. నేను, మాట, త. "ప్ప" దగ్గర మూర పెట్టాలి. మూరన్నర పెట్టాను. ముందు చోటు, తరవాత అక్షరం. కొలిచి చోటిచ్చిన దీర్ఘం చెయ్యి జారితే పడేది కాదు. నాన్న ఉంటే గుర్తులు చూసి అక్కడే చెంప పగలగొట్టేవాడు.

ఆ సాయంత్రం దారం రెండో చివర పట్టుకున్నది మైకే. పక్క వీధిలో మీటింగు అయిపోయి వెళ్తూ నన్ను చూసి కారు ఆపింది. "ఇటివ్వవే, ఎన్నాళ్ళయిందో" అని దారం అందుకుంది. నేను గుర్తులు పెట్టడం అయ్యేదాకా నిలబడింది. "పిన్ని ఎలా ఉంది?" అంది. "ఉంది" అన్నాను. కారెక్కి వెళ్ళిపోయింది. అప్పటికి గోడ మీద గుర్తులే, అక్షరాలు లేవు. దానికేం తెలుస్తుంది.

తెల్లారి స్టూలు దిగి తిన్నగా నా దగ్గరికొచ్చింది. దాని మనుషులు నన్ను మింగేసేటట్టు చూస్తున్నారు. అందరూ వినేటట్టు, "చెయ్యి జారిందా?" అని అడిగింది. "జారింది" అన్నాను. "జారితే జారిందిలే, ఎవరికి జారదు" అంది. ఆ మాటని అప్పట్నుంచీ మోసుకు తిరుగుతున్నాను.

జులై 17

సంచిక అచ్చయితే ఆ అబద్ధం అచ్చుకెక్కుతుంది. దాని పేరు మీద వేసే పుస్తకంలో, నా పేరుతో.

చెబితే? మాట కూడా రాని మనిషి. ఏ అర్ధరాత్రో గుండె పట్టుకుంటే? ముప్పై ఏళ్లు తోడున్నది నేనొక్కదాన్నే అనుకుంటోంది. ఇప్పుడు చెప్పి ఏం బావుకుంటాను.

చెప్పను.

జులై 19

ఆసారి ఓడిపోయింది. నలభై ఒక్క ఓట్ల తేడా. మా సందులో ఓట్లు అంతకంటే ఎక్కువే.

ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టింది. చంకలో బిందె, చీర సగం తడిసిపోయింది. "పిన్నీ, కుళాయి రాలేదు, నేనొచ్చాను" అంది. అమ్మ ముందు నవ్వింది, తరవాత ఏడ్చింది. "నీకెందుకే ఈ పాట్లు" అంటుంటే, "నువ్వు తిట్టు పిన్నీ, నాకు తేలిగ్గా ఉంటుంది" అని మంచం పక్కనే కూలబడింది. నేను వంటింట్లో నిలబడి అన్నీ విన్నాను. బయటికి రాలేదు.

రోజూ ఒక బిందె. పదవి పోయిన మనిషి, అందరితో పాటు బోరింగు దగ్గర వరసలో నిలబడేది. ముందుకి రమ్మంటే వచ్చేది కాదు. మధ్యాహ్నం ఆఫీసుల చుట్టూ తిరిగేది. కుర్చీలో కూర్చుని అయిదేళ్లలో చెయ్యని పనిని, ఆ కుర్చీ ముందు నిలబడి ఏడు నెలల్లో చేయించింది. అమ్మ మంచంలోంచే కుళాయి చప్పుడు విని, "వచ్చిందే, వచ్చిందే" అంది. ఆ తరవాత ఇంకా ఆరేళ్లు బతికింది, కర్ర పట్టుకుని నడిచింది కూడా.

కుళాయి వచ్చిన సాయంత్రం మైకు సున్నం డబ్బా పట్టుకొచ్చింది. "పదవే కుంచె, దీర్ఘం తీసేద్దాం." వెళ్ళి తీసేశాను. దీర్ఘం పోయింది, దాని చోటు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఆ గోడ మీద "తప్ప"కీ "ను"కీ మధ్య అర మూర ఖాళీ ఉంటుంది.

జులై 20

అర మూర ఖాళీ.

నిన్న నేనే రాశాను, ఇవాళ చదువుకున్నాను. దాని చెయ్యి వణకడం లేదు, కావాలనే నెడుతోంది.

జులై 22

రెండు రోజులుగా వాన. బస్‌స్టాండు వైపు వెళ్ళాను, కూరలకని. కూరల అంగడి దానికి ఎదురు దిక్కున ఉంది.

సున్నం కరిగి గోడ మీద దీర్ఘం మళ్ళీ బయటపడింది. ప్రతి వానాకాలం కొంచెం కనపడుతుంది, ఈసారి బాగా తేలింది. టీకొట్టాయన, "ఏమ్మా, మీ దీర్ఘం మళ్ళీ వచ్చింది, తుడిచెయ్యరా?" అన్నాడు. ఎండ రానీయండి అన్నాను.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు టైపు చేయించిన కాగితాలు పంపించాడు. నా పేరుతో. "అంతలో ఒక కాకి రివ్వున వచ్చి..." అని ఉంది. రివ్వున వచ్చిందట. నేనెప్పుడూ రివ్వున అనలేదు.

జులై 24

చెబుదామని వెళ్ళాను. కళ్ళజోడు మార్పించాలి అని చెప్పి వచ్చాను.

జులై 26

చెప్పాను.

టీచరమ్మ పాఠం మధ్యలో ఫోను మాట్లాడటానికి వరండాలోకి వెళ్ళింది. మైకు అట్టలు పేర్చి, ఎప్పట్లాగే "ను"ని నెట్టింది. ఈసారి నేను జరపలేదు. ఆ ఖాళీని చూస్తూ కూర్చున్నాను.

"ఒసేయ్ మైకూ. ఆ రోజు నా చెయ్యి జారలేదే" అన్నాను.

అది అట్టల మీంచి చెయ్యి తీసి నావైపు తిరిగింది.

"కావాలనే రాశాను. అమ్మ మంచంలో ఉంటే నువ్వు రాలేదని, నీ నినాదం నా చేత్తో రాయాల్సొచ్చిందని, నలుగుర్లో నీ పరువు తియ్యాలని రాశాను. నీకు చెప్పాల్సింది నీ మొహం మీదే చెప్పొచ్చు కదా, గోడకి చెప్పాను. నువ్వు ఓడిపోయావు. నా వల్లే. ఆ నలభై ఒక్క ఓట్లూ నేనే తినేశాను. ఇన్నాళ్ళూ కాకి అనీ, నిచ్చెన అనీ సన్మానాలు చేయించుకున్నాను. తిట్టవే. మాట రాకపోతే ఆ కర్రతో ఒకటివ్వు."

టీచరమ్మకి ఇచ్చిన మాట తప్పి బాగా ఏడ్చాను.

మైకు నా చెయ్యి పట్టుకుని లాక్కుంది. నా మోచేతిని బల్ల మీద ఆనించింది. తన వేలిని నా మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా మెల్లగా నడిపించింది. అక్కడ ఆగలేదు. బల్ల మీద ఇంకో సగం ముందుకి వెళ్ళి ఆగింది. నోరు తెరిచింది. నుదుటి నరం ఉబ్బింది.

"మూ... ర... న్న... ర."

ఆ గదిలో మాట వచ్చింది దానికొక్కదానికే.

ఆ సాయంత్రం దారం పట్టుకుని నిలబడి చూసింది. గుర్తులు చూసింది. అక్షరాలు లేకపోతే ఏం, మా నాన్న దగ్గర పాఠం ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. "ప్ప"కి మూరన్నర పెట్టడం చూసి, రేపు పొద్దున గోడ మీద ఏం ఉంటుందో తెలిసి, పిన్ని ఎలా ఉంది అని అడిగి వెళ్ళిపోయింది.

"ముందే తెలుసా? మరి ఆపలేదేమే? ఒక్క మాట అంటే ఆగిపోయేదాన్ని కదే!"

మైకు "ప్ప" అట్టని పక్కకి తోసి, పక్కనే ఉన్న ఖాళీ అట్ట మీద వేలితో కొట్టింది. టీచరమ్మ పెన్ను తీసుకుని రాశాను. ప్పా. వంకరగా వచ్చింది, నా జన్మలో అంత దరిద్రంగా రాయలేదు. దాన్ని తీసుకుని వరసలో పెట్టింది. ఈసారి ఖాళీ మిగల్లేదు. ఒక్కో అట్ట మీద వేలు పెడుతూ చదివింది. ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. నేను. మాట. తప్పాను.

చదివి, అట్టల మీంచి తల ఎత్తి, "ని... జం... క... దే" అంది.

టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఫోను చేతిలోనే ఉంది, అవతలివాళ్ళు హలో హలో అంటున్నారు. "మూరన్నర అన్నారా ఇందాక? నాలుగక్షరాలు! నేను చెప్పలేదే అది. ఎవరు నేర్పారు?"

"మా నాన్న" అన్నాను.

జులై 27

"తెలిసీ ఆపలేదు" అన్న మాటని పొద్దుట్నుంచీ తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. నిజం కదే, అంది. తన మీద నింద రాస్తుంటే దారం పట్టుకుంది, నిజం కాబట్టి. తెల్లారి నన్ను కాపాడటానికి "చెయ్యి జారిందా" అని తనే అబద్ధం అందించింది. ఇరవై ఐదేళ్లు ఒక్కసారి కూడా నాకు ఎదురు చెప్పలేదు, నా కాకినీ నిచ్చెననీ వేదిక మీద కూర్చుని వింటూ నవ్వింది. ఇది కదా నేను రాయాల్సింది. నాలుగు పేజీలు చాలవు.

జులై 28

తమ్ముడు ఆఖరి కాగితాల కోసం వచ్చేసరికి నేను మైకు ఇంట్లోనే ఉన్నాను. కొత్త వ్యాసం ఇచ్చాను. నిలబడి చదివాడు, తరవాత కూర్చుని చదివాడు. "ఇలా ఎలా వేస్తామండీ? అక్కే చూసి ఊరుకుందంటే జనం ఏమనుకుంటారు? ఓట్లు, ఓడిపోవడం, అన్నీ పెట్టేశారు. గొడుగులు కూడా మళ్ళీ వచ్చాయి!"

"నన్నడుగుతావేం, మీ అక్కనడుగు" అన్నాను.

మైకు చెయ్యి చాపింది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. గొడుగుల దగ్గర సగం మూతితో నవ్వింది. తమ్ముడి చేతికి తిరిగిచ్చి, "వె... య్యి" అంది. అతను నోరెళ్ళబెట్టాడు. అక్క మాట విని రెండున్నర నెలలయింది పాపం. సంచిక సంగతి మర్చిపోయి మోకాళ్ళ మీద కూర్చుని, "ఇంకోసారి అనవే అక్కా" అన్నాడు. అది ఇంకోసారి అంది. ఈసారి కాస్త విసుగ్గా, అచ్చం ఎప్పట్లాగే.

వచ్చేముందు అడిగాను. "గోడ మీద దీర్ఘం మళ్ళీ తేలిందే. సున్నం వెయ్యనా?"

తల అడ్డంగా ఊపింది. కర్ర వైపు, గుమ్మం వైపు, నా వైపు చూపించింది. నడవడం వస్తే తనే వస్తానని. దారం నా దగ్గర ఇంకా ఉందా అని వేళ్ళతో సైగ చేసింది. ఉంది. నాన్నదే. కొత్త నినాదం ఏం రాయాలో అది చెప్పాలి, నేను రాయాలి, ఈసారి గుర్తులు ఇద్దరం కలిసి పెడతాం.

వెతికితే నా గొడుగు ఒకటి దొరికింది. తెచ్చేసుకున్నాను.

ఇంటికొచ్చి వ్యాసం నకలు మా ఆయన ముందు పెట్టాను. మొదటి వాక్యం చదివాడు: "ఆ రోజు నా చెయ్యి జారలేదు." కళ్ళజోడు పైకి జరిపాడు.

"మరి కాకి?" అన్నాడు.

"ఎగిరిపోయింది" అన్నాను.